రెండు వారాల సేవ ఎవరికి చేసినట్టు?

పోయిన శనివారం వీడియోలో గీత 17వ అధ్యాయం 20, 21, 22 శ్లోకాలు చూశాం కదా. సాత్విక దానం, రాజస దానం, తామస దానం. పన్నెండు నిమిషాల్లో అర్థం చెప్పి వదిలేయడం తప్ప ఇంకేం కుదరలేదు. నిజానికి ఆ మూడు శ్లోకాల మీద మా ఇంట్లో నాలుగు నెలలుగా వాదన నడుస్తోంది. వీడియోలో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

మా పిన్ని కూతురు హైదరాబాద్‌లో బీటెక్ ఆఖరి సంవత్సరం. క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చేసింది, జాయినింగ్‌కి ఇంకా టైముంది. ఈ లోపు నేపాల్ వెళ్ళి రెండు వారాలు ఒక అనాథాశ్రమంలో పిల్లలకి ఇంగ్లీష్ చెప్తానంది. ఫీజు, బస, తిండి అన్నీ కలిపి ఒక ప్యాకేజీ. వీకెండ్‌లో పోఖరా ట్రిప్పు, చివర్లో సర్టిఫికెట్. "అక్కా, ఫ్రెండ్స్ అందరూ గోవా వెళ్తున్నారు. నేను అదే డబ్బుతో సేవ చేస్తానంటున్నా. ఇందులో తప్పేంటి?" అంది. తప్పేం లేదనే ఎవరికైనా అనాలనిపిస్తుంది. సేవ అని పేరు పెట్టాక దాన్ని ప్రశ్నించడానికి మనకి నోరు రాదు.

ముందు శ్లోకాల సంగతి చూద్దాం. ఇవ్వడం నా కర్తవ్యం అనుకుని, తిరిగి ఏమీ చేయలేనివాళ్ళకి, తగిన చోట, తగిన సమయంలో, తగిన మనిషికి ఇచ్చేది సాత్వికం. బదులుగా ఏదో వస్తుందని లెక్క వేసుకునో, లోపల గునుస్తూనో ఇచ్చేది రాజసం. చోటూ కాలమూ చూడకుండా, తగనివాళ్ళకి, గౌరవం లేకుండా, చిన్నచూపుతో ఇచ్చేది తామసం. నేను ఎప్పుడూ ఆగిపోయేది ఈ మూడో దాని దగ్గరే. తగనివాళ్ళకి ఇవ్వడం తామసం అంటే వెంటనే ఒప్పుకుంటాం. కృష్ణుడు అక్కడితో ఆగలేదు. మంచి వస్తువే ఇచ్చినా, ఇచ్చే తీరులో గౌరవం లేకపోతే అదీ అదే లైనులోకి వస్తుంది.

చిన్నచూపు అంటే ముఖం చిట్లించడమే కానక్కర్లేదు. మా చెల్లిని ఒకటే అడిగాను. "నువ్వు ఇంతవరకు ఎవరికీ పాఠం చెప్పలేదు. కూకట్‌పల్లిలో ఏ స్కూలైనా నిన్ను రెండు వారాల కోసం క్లాసులోకి రానిస్తుందా? మన అపార్ట్‌మెంట్‌లో పిల్లలు ఆడుకుంటుంటే, ఎవరో తెలియని అమ్మాయి వచ్చి, డబ్బు కడతాను, వాళ్ళతో రెండు వారాలు గడిపి ఫొటోలు దిగి వెళ్తాను అంటే వాచ్‌మన్ గేటు తీస్తాడా?" తీయడు. మన పిల్లల దగ్గర తీయని గేటు ఆ పిల్లల దగ్గర తీసి ఉండడం మనకి మామూలుగా కనిపిస్తోందంటే, గీత చెప్పే చిన్నచూపు అక్కడే మొదలైందని నా ఉద్దేశం. ప్రేమగా నవ్వుతూ వెళ్ళినా సరే.

నేపాల్ విషయంలో ఇది ఊరికే అంటున్న మాట కాదు. 1996 నుంచి 2006 వరకు అక్కడ అంతర్యుద్ధం జరిగింది. హుమ్లా లాంటి మారుమూల కొండ జిల్లాల్లో తల్లిదండ్రుల దగ్గరికి దళారులు వెళ్ళి, "పిల్లాణ్ణి కాఠ్మాండూలో మంచి స్కూల్లో చదివిస్తాం" అని డబ్బు తీసుకుని మరీ పిల్లల్ని తెచ్చేశారు. యుద్ధం ఆగినా ఆ దారి మూతపడలేదు. ఇప్పటికీ ఆ దేశంలో బాలల గృహాలు ఎక్కువగా ఎక్కడున్నాయో మ్యాప్ మీద చూడండి. పేదరికం ఎక్కువున్న పడమటి కొండల్లో కాదు, కాఠ్మాండూ లోయ, పోఖరా, చిత్వన్ లాంటి టూరిస్టులు దిగే చోట్ల. అనాథలు టూరిస్ట్ జిల్లాల్లోనే ఎందుకు పుడతారు? కంబోడియాలో అక్కడి ప్రభుత్వం, యునిసెఫ్ కలిసి 2011లో ఒక అధ్యయనం బయటపెట్టాయి. 2005 నుంచి 2010 మధ్య ఐదేళ్ళలో అనాథాశ్రమాలు 75 శాతం పెరిగాయి. వాటిలో ఉన్న పిల్లల్లో నలుగురిలో దాదాపు ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. అనాథలు పెరిగి ఆశ్రమాలు పెరగలేదు. వచ్చి చూసేవాళ్ళు, డబ్బిచ్చేవాళ్ళు పెరిగారు కాబట్టి పెరిగాయి. ఊళ్ళో అమ్మ దగ్గర ఉండాల్సిన పిల్ల సిటీలో అనాథ అయింది, ఎవరో సేవ చేసుకోవాలని.

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాబట్టి డిమాండ్, సప్లై అని వెంటనే అనేశాను. చెల్లికి కోపం వచ్చింది. కానీ ఆ సంస్థకి మెయిల్ పెట్టింది. ఈ పిల్లలకి అమ్మానాన్నలు ఉన్నారా, వాలంటీర్ల పోలీస్ రికార్డు చూస్తారా, నాకు ముందు వచ్చినవాళ్ళు ఎక్కడిదాకా పాఠం చెప్పారు అని మూడు ప్రశ్నలు. జవాబులో పాస్‌పోర్ట్ కాపీ చాలన్నారు, పిల్లలు ఎంత సంతోషంగా ఉంటారో చూడండి అని పదిహేను ఫొటోలు పంపారు. మొదటి ప్రశ్నకీ మూడో ప్రశ్నకీ ఏమీ లేదు.

ఇక్కడ మా అమ్మమ్మ మాట ఒకటి చెప్పాలి. చెల్లి ముక్తినాథ్ కూడా వెళ్తానంటే, "వస్తూ వస్తూ సాలగ్రామం మాత్రం తేవద్దు" అంది అమ్మమ్మ. సాలగ్రామాలు దొరికేది అక్కడి గండకీ నదిలోనే కదా, అందరూ తెచ్చుకుంటారు. ఎందుకొద్దు అంటే, "ఇంట్లో పెట్టుకుంటే రోజూ అభిషేకం, నైవేద్యం తప్పకూడదు. నీకు ఉద్యోగం, మీ అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఎవరు చేస్తారు? చేయలేనప్పుడు తేకూడదు" అంది. అమ్మమ్మకి ఈ వాలంటీర్ గొడవేం తెలియదు. నాకు మాత్రం అంతకన్నా తేలిగ్గా చెప్పడం రాదనిపించింది. గుళ్ళో మూర్తికి ప్రాణప్రతిష్ఠ చేశాక నిత్యపూజ ఆగితే, మళ్ళీ మొదలుపెట్టడానికి సంప్రోక్షణ చేయాలంటారు. రాయి విషయంలోనే ఇంత జాగ్రత్త పడతాం. నాలుగేళ్ళ పిల్లకి రెండు వారాలు అన్నం తినిపించి, కథలు చెప్పి, జడ వేసి, ఒకరోజు పొద్దున్నే టాక్సీ ఎక్కి వెళ్ళిపోతాం. మరుసటి సోమవారం ఇంకో అక్క వస్తుంది. పెంచే చేతులు అలా మారుతూ ఉంటే పిల్లల్లో ఎవరినీ నమ్మలేకపోవడమో, కనిపించిన ప్రతివాళ్ళనీ అతుక్కుపోవడమో వస్తుందని పిల్లల మనస్తత్వం చదివినవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా చెప్తున్నారు. వాలంటీర్ల బ్లాగుల్లో "వెళ్ళిన పది నిమిషాలకే నన్ను వదల్లేదు" అని మురిసిపోతూ రాసేది సరిగ్గా ఆ లక్షణాన్నే. మా ఆఫీసులో ఎవరైనా మానేస్తే నోటీస్ పీరియడ్ ఉంటుంది, కేటీ ఉంటుంది. అమ్మలా చూసుకోవడానికి కేటీ ఏం ఇస్తాం?

వివేకానందుడి గురుభాయి అఖండానంద స్వామి గుర్తొస్తారు. హిమాలయాలు, టిబెట్ తిరిగిన పరివ్రాజకుడు. 1897లో ముర్షిదాబాద్ జిల్లాలో నడుస్తూ వెళ్తుంటే కరువు కనబడింది. ఆగారు. అనాథ పిల్లల కోసం మొదలుపెట్టిన ఆశ్రమంతో సారగాచీలో ఉండిపోయారు, 1937లో దేహం చాలించేదాకా. నలభై ఏళ్ళు. అందరం అలా చేయలేం, నిజమే. చేయలేనప్పుడు మొదలుపెట్టకూడని పనులు కొన్ని ఉంటాయి అంటున్నాను, అంతే.

ఇంతవరకు చెప్పాక మా చెల్లి ఒక మాట అంది. "నువ్వు ఎక్కడికీ వెళ్ళవు. వెళ్ళేవాళ్ళని మాత్రం శ్లోకాలు చెప్పి ఆపుతావు. ఏమీ చేయకపోవడం కన్నా నాది నయం కాదా?" ఈ మాటని తేలిగ్గా తీసేయలేం. చేయడం మానేసి కూర్చోవడాన్ని గీత ఎక్కడా మెచ్చుకోలేదు. పైగా ఆమె ఇంకో పాయింట్ తీసింది. యోగులు ఆత్మశుద్ధి కోసమే కర్మ చేస్తారని 5వ అధ్యాయంలోనే ఉంది కదా, నేను అక్కడికి వెళ్ళి మారితే, నా పొగరు తగ్గితే, అదీ ఫలమే కదా అని. వివేకానందుడు కూడా 1895-96 చలికాలంలో న్యూయార్క్‌లో ఇచ్చిన కర్మయోగ ఉపన్యాసాల్లో, ఇచ్చే అవకాశం ఇచ్చినందుకు పుచ్చుకునేవాడికే మనం రుణపడి ఉండాలి అన్నట్టుగా చెప్పారు.

ఇది గట్టి వాదన. వెళ్ళొచ్చిన ప్రతివాళ్ళూ "నేను ఇచ్చినదానికన్నా తెచ్చుకున్నదే ఎక్కువ" అంటారు, అది అబద్ధమేం కాదు. అమెరికావాళ్ళ పీస్ కోర్ ఉంది కదా, 1961లో కెన్నెడీ మొదలుపెట్టింది, మన దేశానికి కూడా 1976 దాకా వచ్చారు. దాని లక్ష్యాలు మూడు. అడిగిన దేశానికి నైపుణ్యం ఉన్న మనుషుల్ని ఇవ్వడం ఒకటి. అమెరికన్ల గురించి వాళ్ళకి తెలియడం రెండు. వాళ్ళ గురించి అమెరికన్లకి తెలియడం మూడు. మూడింట్లో రెండు మనసులు మారడం గురించే. దాచుకోకుండా రాసుకున్నారు. ఆ పని కోసం రెండేళ్ళు ఉంటారు, అక్కడి భాష నేర్చుకుంటారు.

నా జవాబు ఇది. మారడం కోసం వెళ్ళడానికి మనకి ఇంతకన్నా పాత మాట ఉంది, యాత్ర. కాశీ వెళ్ళొచ్చి కాశీకి సాయం చేశానని ఎవరూ అనరు. తీర్థానికి చేయి చాచి వెళ్తాం, ప్రసాదం కళ్ళకద్దుకుని వస్తాం. రెండు వారాలకి వెళ్ళేది యాత్ర అని ఒప్పుకుంటే ఏ గొడవా లేదు. పశుపతినాథ్ చూడు, కొండలెక్కు, అక్కడివాళ్ళ హోటల్లో తిను, రూములకి డబ్బు కట్టు, నాలుగు నేపాలీ మాటలు నేర్చుకో. మెక్సికోకి సేవకని వచ్చిన అమెరికన్ విద్యార్థులకి ఇవాన్ ఇలిచ్ అనే మతగురువు 1968లో ఇంచుమించు ఇదే చెప్పాడు: చూడ్డానికి రండి, చదువుకోవడానికి రండి, సాయం చేయడానికి మాత్రం రాకండి అని. నా చిత్తశుద్ధికి నేను జపం చేసుకోవచ్చు, ఉపవాసం ఉండొచ్చు. ఇంకొకరి బిడ్డని అందుకు సాధనంగా వాడుకోకూడదు. 2015 ఏప్రిల్ 25న భూకంపం వచ్చినప్పుడు సంగతి వేరు. గంటల్లో మన ఎన్‌డీఆర్‌ఎఫ్ వెళ్ళింది, డాక్టర్లు వెళ్ళారు. అప్పుడు నాలుగు రోజులు ఉన్నా అది సేవే. కాలం మారింది, పని వచ్చినవాళ్ళు వెళ్ళారు. గీతలో దేశం, కాలం అన్న మాటలు అలంకారానికి పెట్టినవి కావు.

మరి ఎక్కువ కాలం ఉండి, పని తెలిసి, మంచి ఫలితం కూడా వస్తే? అప్పుడు ప్రశ్న అయిపోయినట్టేనా? నేనూ అలాగే అనుకునేదాన్ని, ల్యారీ బ్రిలియంట్ కథ పూర్తిగా చదివేదాకా.

నీమ్ కరోలీ బాబా భక్తుల్లో స్టీవ్ జాబ్స్ పేరే మనవాళ్ళు ఎక్కువ చెప్తారు కానీ (ఆయన వచ్చేసరికి బాబా లేరు కూడా), అసలు కథ ఈ డాక్టర్‌ది. హిప్పీల బస్సులో వచ్చి కైంచీ ఆశ్రమంలో ఉన్న అమెరికన్ కుర్ర డాక్టర్. నువ్వు వెళ్ళి మశూచిని తరిమే పనిలో చేరు అని బాబా ఢిల్లీలోని డబ్ల్యూహెచ్‌ఓ ఆఫీసుకి పంపారు. వాళ్ళు తిప్పి పంపారు. బాబా మళ్ళీ పంపారు. అలా చాలాసార్లు తిరిగాక ఉద్యోగం ఇచ్చారు. ఊరూరా తిరిగింది వేలాది మంది మన ఆరోగ్య కార్యకర్తలు. వాళ్ళతో పాటు ఆయనలాంటి విదేశీయులు కూడా. 1975 మే తర్వాత మన దేశంలో మశూచి కేసు లేదు. దీనికన్నా పెద్ద సేవ ఏముంటుంది?

ఆ కథలో ఒక రాత్రి ఉంది. ఇప్పటి ఝార్ఖండ్‌లోని సింగ్‌భూమ్ ప్రాంతంలో, హో గిరిజనుల ఊళ్ళో, ఒక పెద్దమనిషి టీకా వద్దన్నాడు. రోగం వచ్చినా పోయినా దేవుడి చిత్తం, దానికి తలవంచడం నా ధర్మం అని ఆయన నమ్మకం. టీకా బృందం రాత్రిపూట తలుపు పగలగొట్టుకుని లోపలికి వెళ్ళింది. ఆయన గొడ్డలి తీశాడు. పట్టుకుని, నేలకి అదిమి, ఆయనకీ ఇంట్లోవాళ్ళకీ టీకా వేశారు. అంతా అయ్యాక ఆయన లేచి, పెరట్లోకి వెళ్ళి, ఒక దోసకాయ కోసి తెచ్చి వచ్చినవాళ్ళకి ఇచ్చాడు. మీ ధర్మం అనుకున్నది మీరు చేశారు, నాది నేను చేశాను, ఇప్పుడు మీరు నా ఇంటికి వచ్చిన అతిథులు, మీకు పెట్టడం నా ధర్మం అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. ఇదంతా బ్రిలియంట్ గారే 1978లో రాసి అచ్చు వేయించారు.

నేను దీన్ని ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నానో. టీకా వేయకపోతే ఊరంతా అంటుకునేది. ఒకడు ఒప్పుకోలేదని వదిలేస్తే రోగం వదలదు. కాబట్టి వేయడం సరైనదే అని నా బుర్ర అంటుంది, ఇప్పటికీ అంటుంది. కానీ ఆ రాత్రి ఆ గదిలో దానం చేసినవాడు ఎవడు? తిరిగి ఏమీ ఆశించకుండా, అప్పుడే తనని నేలకి అదిమినవాళ్ళకి, నా కర్తవ్యం అనుకుని, మర్యాదగా ఇచ్చింది దోసకాయ ఇచ్చినాయనే. 17వ అధ్యాయం 20వ శ్లోకం ఆయన చదివి ఉండడు. ప్రాణం కాపాడే మందు తెచ్చినవాళ్ళది గౌరవం తప్పిన దానం అయింది. ఫలితం గొప్పదైతే తీరు ఎలా ఉన్నా పర్లేదు అని కొందరు అనొచ్చు. నేను అనలేను. ఫలితానికి మార్కులు వేద్దాం, తీరుకి వేయాల్సినవి కూడా వేద్దాం. ఒకటి ఇంకోదాన్ని చెరిపేయదు.

బ్రిలియంట్ అక్కడితో ఆగకపోవడం నాకు నచ్చిన విషయం. 1978లో ఆయనా రామ్ దాస్ లాంటి మిత్రులూ కలిసి ఒక సంస్థ పెట్టారు, పేరు సేవా ఫౌండేషన్. ఈసారి పని కంటిచూపు. మధురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. శ్రీ అరవిందుల భక్తుడు, కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయినా ఆపరేషన్లు చేసిన మనిషి. శుక్లాలు తీశాక పెట్టే లెన్సు అప్పట్లో విదేశాల నుంచి రావాలి, పేదవాడికి అందని ధర. అమెరికావాళ్ళు అడిగి లెన్సులు పంపిస్తూ ఉండొచ్చు, కొన్నాళ్ళు అలాగే చేశారు కూడా. తర్వాత ఆ సంస్థ మనిషి డేవిడ్ గ్రీన్, అరవింద్ వాళ్ళతో కలిసి లెన్సు తయారు చేసే పరిజ్ఞానాన్నే మధురైకి తెచ్చారు. 1992లో ఆరోల్యాబ్ మొదలైంది. ధర పదో వంతుకి, ఆ తర్వాత ఇంకా కిందకి పడింది. ఇవాళ వందకు పైగా దేశాలకి అక్కడి నుంచి లెన్సులు వెళ్తున్నాయి. తయారు చేసేవాళ్ళలో చాలామంది చుట్టుపక్కల పల్లెటూళ్ళ అమ్మాయిలు. బయటినుంచి వచ్చినవాళ్ళు వెళ్ళిపోయినా నడిచేలా పెట్టి వెళ్ళారు. ఇక్కడ ముందు డాక్టర్ వెంకటస్వామి ఉన్నారు, ఆయన అడిగారు, వీళ్ళు తెచ్చారు. వరస అది.

మార్గరెట్ నోబుల్ గురించి కూడా రెండు మాటలు చెప్పకపోతే మనసు ఒప్పదు. లండన్‌లో స్కూలు నడిపిన టీచర్. 1898 జనవరిలో కలకత్తాలో దిగింది. దానికి ముందే వివేకానందుడు, ఇక్కడ ఎండ ఇలా ఉంటుంది, పేదరికం ఇలా ఉంటుంది, తోటి తెల్లవాళ్ళే నిన్ను పిచ్చిదానిలా చూస్తారు అని ఉత్తరం రాశారు. మన ట్రావెల్ బ్రోచర్లకి పూర్తి వ్యతిరేకం. వచ్చాక తన ఇంగ్లీష్ అభిమానం గురువుగారి దగ్గర ఎలా విరిగిందో, అది ఎంత నొప్పి పెట్టిందో ఆమే రాసుకుంది. అదే ఏడాది నవంబర్‌లో బాగ్‌బజార్‌లో ఆడపిల్లల బడి మొదలైంది. 1899లో ప్లేగు వచ్చినప్పుడు వీధులు ఊడ్చింది. 1911లో డార్జిలింగ్‌లో పోయేసరికి ఆమె పేరు నివేదిత. అర్పించబడినది అని అర్థం. ఆ బడి ఇంకా ఉంది.

ఇంత పెద్దవాళ్ళ కథలు పక్కన పెడితే, అటువైపు నిలబడి చూసినది నాకూ ఒకటుంది. మా అమ్మ ప్రకాశం జిల్లాలో జెడ్పీ హైస్కూల్ టీచర్. ఒక వేసవి చివర, బడులు తెరిచిన కొత్తలో, అమెరికాలో పుట్టిన మన తెలుగు పిల్లలు ఎనిమిది మంది రెండు వారాలకి వచ్చారు. గోడల మీద బొమ్మలు వేశారు, స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పారు. మంచి పిల్లలు. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి, తప్పు చెప్పినా ఆ అక్క నవ్వలేదని చేయి ఎత్తడం మొదలుపెట్టింది. అది నిజంగా జరిగింది, వాళ్ళు వెళ్ళాక కూడా ఆగలేదు. ఇంకోటీ జరిగింది. ఇరవై ఏళ్ళుగా అక్కడ ఇంగ్లీష్ చెప్తున్న మేడమ్‌ని పిల్లలు వెక్కిరించడం మొదలుపెట్టారు, మీ యాస తప్పు, ఆ అన్న అలా పలకలేదు అని. ఆవిడ ఆ ఏడాదంతా క్లాసులో ఇంగ్లీష్‌లో మాట్లాడడం తగ్గించేశారని అమ్మ చెప్పింది. రెండు వారాల ఇంగ్లీష్ కోసం ఏడాది ఇంగ్లీష్ పోయింది. వచ్చిన పిల్లలకి ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు, అప్పటికే విమానం ఎక్కేశారు.

ఆ ఎనిమిది మందిలో ఒకబ్బాయి మర్నాటి ఏడు మళ్ళీ వచ్చాడు, ఒక్కడే. పక్క ఊళ్ళో వాళ్ళ నాయనమ్మ ఇంట్లో ఉన్నాడు. తెలుగు చదవడం నేర్చుకుంటున్నాడు. స్టాఫ్ రూమ్‌లోకి వచ్చి, "టీచర్, మీకేం కావాలి?" అని అడిగాడు. పోయినసారి ఎవరూ ఆ ప్రశ్న అడగలేదని అమ్మ అంది. ఆడపిల్లల బాత్రూమ్ పైన ట్యాంకులో ఫ్లోట్ వాల్వ్ పోయింది, నీళ్ళు నిలవట్లేదు, పంచాయతీకి మూడుసార్లు రాశాం అని చెప్పింది. అబ్బాయి కొంచెం నిరాశపడ్డాడట. తర్వాత సైకిలేసుకుని వెళ్ళి ఊళ్ళో ప్లంబర్‌ని తీసుకొచ్చాడు. మధ్యాహ్నం దాకా ఆయనకి స్పానర్లు అందించాడు. సాయంత్రం ఇంగ్లీష్ మేడమ్ దగ్గర కూర్చుని తెలుగు గుణింతాలు దిద్దించుకున్నాడు.

వచ్చే శనివారం ఇదే అధ్యాయంలో 23వ శ్లోకం, "ఓం తత్ సత్" గురించి. వీడియో పొద్దున్న ఆరింటికి వస్తుంది. జై శ్రీకృష్ణ.